పడుకునే ముందు ఒకటి

జూలై 9, బుధవారం

మందుల షాపు మహారాణి, మా అక్కగారి సమక్షానికి,

ఇంటింటికీ తిరిగే నర్సు చెల్లెలు నమస్కరించి విన్నవించుకునేది. నేను క్షేమం. నువ్వూ వేళకి తింటున్నావనే అనుకుంటాను, నమ్మకం లేకపోయినా.

నెలకి సరిపడా ఇచ్చిన నిద్రమాత్రలు పది రోజులకే అయిపోయాయని టైపు టీచరమ్మ మళ్లీ వచ్చి ఇంకో డబ్బా పట్టుకెళ్లిందన్నావు కదా, ఈ మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. ఆవిడ బల్ల ముందు కూర్చుని, ఎదుటి ఖాళీ కుర్చీని చూస్తూ, వట్టి చెక్క మీద పది వేళ్లతో టకటకా కొడుతోంది. కాస్త నెమ్మదిగా చెప్పవే, అందుకోలేకపోతున్నాను అంటోంది. ఎవరితో అని అడిగితే చెల్లెలితో అంది. ఇద్దరూ కలిసి టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారట. ఆ చెల్లెలు పోయి మూడేళ్లయింది. నవ్వకు గానీ, ఆ కుర్చీలో కూర్చోలేక బీపీ నిలబడే చూశాను.

బీపీ బాగా పడిపోయింది. మోచేతికి దెబ్బ, నిన్న గుమ్మంలో తూలి పడిందట. ఇలాగే ఇంకో నెల సాగితే మనిషి దక్కదు.

మాత్రలు ఎలా వేసుకుంటున్నారని అడిగితే డబ్బా మీద నీ చేతిరాత చూపించింది. పడుకునే ముందు ఒకటి. పొద్దున ఒక కునుకు, మధ్యాహ్నం ఇంకో కునుకు, రాత్రి సరే సరి. మూడుసార్లు పడక, మూడు మాత్రలు! పెద్దవాళ్లకి అవి ఎక్కువైతే లేనివాళ్లు కనబడతారని నువ్వే చెప్పేదానివి. నిన్ను నువ్వు తిట్టుకోకు, "పడుకునే ముందు ఒకటి" అని నేనూ వందమందికి చెప్పినదాన్నే. ఇకమీదట "రాత్రికి ఒక్కటే" అని రాద్దాం. మెల్లగా ఆ ఒక్కటికి తగ్గిద్దామని డాక్టరుగారు ఫోన్లో అన్నారు. వారానికి సరిపడా నేనే సర్ది ఇస్తాను. నువ్వు మాత్రం ఆవిడ చేతికి ఇవ్వకు.

ఇట్లు,
భయస్తురాలైన నీ చెల్లెలు

తా.క. కవరు అంటించబోతుంటే స్టెతస్కోపు అక్కడే మర్చిపోయానని గుర్తొచ్చి సాయంత్రం మళ్లీ వెళ్లాను. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పడుకుంటున్నానని వేసుకోవడం లేదమ్మా. వేసుకోవచ్చని పడుకుంటున్నాను" అంది. మొదటిసారి మాత్రం పొరపాటేనట. ఆ మధ్యాహ్నమే చెల్లెలు వచ్చిందట. ఒక్కటే వేసుకుంటే ఇక అది రాదు కదా అని అడిగింది. రాదన్నాను. ఈ రాత్రికి ఒకటి ఉంచి, మిగిలిన మాత్రలన్నీ సంచీలో వేసుకున్నాను. ఆవిడ ఆ ఖాళీ కుర్చీ వైపు తిరిగి, మెల్లగా, "విన్నావుగా" అంది.