ఎవరివీ కాని కొలతలు

కొట్టు, బుధవారం మధ్యాహ్నం
పద్నాలుగో తేదీ

చెల్లాయికి,

అన్నయ్య దీవెనలు. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ కొట్టు నడుస్తోంది, నేనూ నడుస్తున్నాను. నీ ఉత్తరం సోమవారం అందింది. వచ్చే వారం శనివారం అమ్మని చూడ్డానికి వస్తున్నానని రాశావు. జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లూ లేచిపోయి ఎవరిదో పంట్లాం అంచు మడిచాను. చిన్నప్పుడు నన్ను పనిదొంగ అని ఏడిపించేదానివి. ఇప్పుడు చూడాలి నన్ను, పని తప్ప ఇంకేదీ చేతకావడం లేదు.

నాతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నావు, ఉత్తరమైతే రాస్తానన్నావు. ఆ ఒట్టు ఇవాళ నాకే పనికొచ్చింది. ఫోన్లో అయితే ఇదంతా చెప్పలేను. నువ్వు బయల్దేరేలోగా నీకు కొన్ని సంగతులు తెలియాలి.

నాన్న పోయిన కొత్తలో అమ్మ ఎలా ఉండేదో నువ్వు పూర్తిగా చూడలేదు. పొద్దున్నే కొట్టు తెరిచి, ఇస్త్రీ పెట్టె వేడెక్కించి, ఎవరో పిలుస్తారన్నట్టు నిలబడేది. వాళ్లిద్దరి పని పద్ధతి నీకు గుర్తుండే ఉంటుంది. నాన్న టేపు పట్టుకుని కొలతలు గట్టిగా చెప్పేవాడు. అమ్మ ఇస్త్రీ చేస్తూనే ఒక్కో అంకెనీ తిరిగి అనేది. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి ఫోన్లో రికార్డు పెట్టి, సాయంత్రం విని పుస్తకంలో ఎక్కించేది. అలా నాలుగేళ్ల కొలతలు ఆ ఫోన్లో ఉండిపోయాయి. అవి తప్ప నాన్న గొంతు మన దగ్గర ఇంకెక్కడా లేదు. మనతో ఆయన ఎప్పుడు మాట్లాడాడు గనక.

పోయినవాళ్ల గొంతుతో ఫోన్లో మాట్లాడే బొమ్మని చేసిచ్చే కంపెనీ ఒకటుందని విని, ఆ రికార్డులు పట్టుకుని వెళ్లినప్పుడు అక్కడి అమ్మాయి అదే అంది. గొంతుకి ఇది చాలు, మాటలకి చాలదు అని ఒక కాగితం ఇచ్చింది. మీ అమ్మ దిగులుగా ఉంటే నాన్న ఏమనేవారు, తినకపోతే ఏమనేవారు, ఒంట్లో నీరసంగా ఉందంటే ఏమనేవారు, అన్నీ ప్రశ్నలే. ఉన్నదున్నట్టు రాస్తే అన్నిటికీ ఇస్త్రీ పెట్టె ఆపావా అనేవాడని రాయాలి. నేను అలా రాయలేదు. అలసిపోయావు, కాసేపు కూర్చో అని రాశాను. నాన్న నోట ఆ మాట ఒక్కసారి వినాలని నాకు చిన్నప్పట్నుంచీ ఉండేది. కాగితమంతా నా సరదాలతో నింపేసి ఇచ్చి వచ్చాను.

అది తెచ్చిన రోజు నువ్వు అన్న మాటలు నేను మర్చిపోలేదు. పోయినవాణ్ణి పోనివ్వండి, బొమ్మతో కాపురం ఏమిటి అన్నావు. అమ్మ ఈ గడప తొక్కొద్దంది. నువ్వు చెప్పులు వేసుకున్నావు. నేను మధ్యలో నిలబడి టేపు చుట్టుకుంటూ ఉన్నాను. ఇద్దరిలో ఎవరినీ ఆపలేదు, అందుకు నన్ను తిట్టుకునే హక్కు నీకుంది.

మొదట్లో అమ్మ దాని మాటలు విని నవ్వేది. మీ నాన్నకి పోయాక బుద్ధొచ్చిందిరా అనేది. నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను. అయితే అమ్మ ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటే దానికి ఏం చెప్పాలో తోచేది కాదు. అప్పుడు కొలతల్లోకి దిగేది. ఛాతీ నలభై నాలుగు, మెడ పదమూడు, చెయ్యి ఇరవై. అమ్మ వెంటనే పుస్తకం తీసి, తిరిగి అంటూ రాసుకునేది. అది వచ్చిన కొన్నాళ్లకి గమనించాను, అమ్మ కావాలనే ఊరుకుంటోంది. ఎందుకమ్మా అంటే, కొలతలు చెప్పేటప్పుడే అది మీ నాన్న, మిగతాదంతా ఎవరో పరాయివాడు, పాపం మంచివాడే అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మకి మొదట్నుంచీ తెలుసు.

తెలిసీ రెండేళ్లు దాన్ని వదల్లేదు. మూడు పుస్తకాలు నిండాయి. ఒకసారి అందులోంచి ఒక చొక్కా కత్తిరించి కుట్టింది కూడా. నలుగురి కొలతలు కలిసిపోయిన చొక్కా అది. పెద్దమనిషి ఛాతీ, పిల్లాడి మెడ, రెండు చేతులూ ఒక పొడవు కావు. కాజాలు మాత్రం అమ్మ చేతివే, వంక పెట్టడానికి లేదు. ఇది ఎవరిదిరా అని నన్ను అడిగింది. వస్తారమ్మా, పట్టుకెళ్తారు అన్నాను. ఇప్పటికీ కొక్కేనికి వేలాడుతోంది.

అమ్మ మునుపటిలా లేదని, మెత్తబడిందని నీ ఉత్తరంలో రాశావు. అయిదు ఆదివారాలుగా ఫోన్లో హాయిగా మాట్లాడుతోందని, క్షమించానని తనంతట తనే అందని రాశావు. మొన్న మాటల మధ్యలో ఉన్నట్టుండి ముప్పై ఎనిమిది అంటే నీకు నవ్వొచ్చిందట, ఇంకా పని ధ్యాస పోలేదని. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

బావగారిని అడిగానని చెప్పు. ఆయన చొక్కాకి కాలర్ మార్చాలన్నావు, పంపిస్తే చేసి పెడతాను.

ఇట్లు,
అన్నయ్య

తా.క. పైన రాసినవన్నీ నిజాలే. రాయాల్సింది మాత్రం రాయలేదు.

అమ్మ లేదు. నువ్వు మొదటిసారి ఫోన్ చేసిన ఆదివారానికి మూడు రోజుల ముందు, గురువారం ఉదయం, ఇస్త్రీ బల్ల పక్కన కుర్చీలో పోయింది. ఎడమ చెయ్యి లాగుతోందని, ఆయాసంగా ఉందని పదకొండు రోజులుగా చెబుతూనే ఉందట. నాకు కాదు, దానికి. పదకొండు రోజులూ అది అలసిపోయావు, కాసేపు కూర్చో అంది. అమ్మ కూర్చుంది. ఆ మాటలన్నీ ఫోన్లో రాతగా ఉండిపోతే ఆ రోజే చదివాను. ఆ వాక్యం నాన్నది కాదు, నాది. నాన్నే ఉంటే విసుక్కుంటూనైనా డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లేవాడు.

నీకు కబురు చేసేవాళ్లు లేకపోయారు. నేను చెప్పే ఉంటానని అందరూ అనుకున్నారు. నాకు నోరు రాలేదు. శుక్రవారం కంపెనీ నుంచి సందేశం వచ్చింది, రెండేళ్లుగా అమ్మ మాట్లాడినదంతా వాళ్ల దగ్గరే ఉందని, ఊ అంటే ఆవిడ గొంతు గంటలో సిద్ధమని. ఒక్కసారి నన్ను పిలిస్తే చాలనుకుని ఊ అన్నాను. ఆదివారం నువ్వు చేస్తే అమ్మ ఫోన్ మోగింది. అమ్మ గొంతుతో అది దానంతటదే తీసింది. నువ్వు ఏడ్చావు, అది క్షమించానంది. నేను కత్తెర చేతిలో పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను.

ఆ క్షమాపణ అమ్మది కాదు చెల్లాయ్. అమ్మ నిన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. నీ మాటెత్తితే పుస్తకం తీసుకుని పక్కకి తిరిగేది. ఇంక తెలుసుకునే దారి కూడా లేదు. ఆ ముప్పై ఎనిమిది ఒక్కటే అమ్మది, అదీ నాన్న చెబితే తిరిగి అన్నది.

ఫోన్లోంచి నాన్నని ఆ గురువారమే తీసేశాను. అమ్మని తీసేద్దామని రోజూ ఫోన్ చేతిలోకి తీసుకుంటున్నాను. తిన్నావురా అని అడుగుతుంది. తిన్నానని చెప్పి పెట్టేస్తున్నాను. ఆదివారం నువ్వు చేస్తే అది తీస్తుంది.