మత్తుకు ముందు ముద్ద

అనంతపురం,
5 ఆగస్టు 2002

ప్రియమైన మల్లక్కకు,

నీ చెల్లెలు చౌడేశ్వరి నమస్కరించి రాసేది. అక్కడ వాన పడిందా? ఇక్కడ మబ్బు వస్తుంది, పోతుంది.

నా జ్ఞానదంతాలు రెండూ దవడ ఎముకలో అడ్డంగా పడుకున్నాయట. కోసి తీయాలి. డాక్టరమ్మ మూడు దారులు చెప్పింది. చిగుళ్ళకు సూది వేస్తే అంతవరకే మొద్దుబారుతుంది, నేను మెలకువగానే ఉంటాను. దానితోపాటు నరానికి మందు ఎక్కిస్తే మగతగా ఉంటుంది. మూడోది పెద్దాసుపత్రిలో పూర్తి మత్తు. మొదటిదే చాలన్నాను. తీరా సూది చూసేసరికి కుర్చీ దిగి పరుగెత్తాను, చెప్పులు కూడా అక్కడే వదిలేసి! "నీకు పూర్తి మత్తే సరిపోతాది తల్లీ" అని ఆమె నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. అమ్మ కడుపులో గడ్డ తీయించుకోవడానికి పోయి మత్తులోంచి లేవలేదు. అప్పుడు నాకు నాలుగేళ్ళు. నువ్వు ఆమె పక్కనే ఉన్నావు. ఏం జరిగిందక్కా? చాలా భయంగా ఉంది.

నీ చౌడి

శింగనమల,
10 ఆగస్టు

చిరంజీవి చౌడికి అక్క ఆశీస్సులు.

చెప్పులు తెచ్చుకున్నావా? చెనక్కాయ చేను వాడిపోతోంది. మీ బావ పైకి చూడడమే మానేశాడు.

అమ్మ సంగతి ఇప్పుడెందుకు? ఇరవైనాలుగేళ్ళయింది. డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యి. ఒక్క మాట కూడా జవదాటకు.

మల్లీశ్వరి

అనంతపురం,
19 ఆగస్టు

ప్రియమైన అక్కా,

గురువారం పది గంటలకు పెద్దాసుపత్రిలో ఆపరేషన్, పూర్తి మత్తుతోనే. నువ్వేదో దాస్తున్నావు. "ఆ మత్తు డాక్టరే నా పెండ్లాన్ని చంపినాడు" అని నాయన బతికినన్నాళ్ళూ తిట్టేవాడు.

బుధవారం రాత్రి నుంచి ఏమీ తినకూడదట. అదెట్లా? పరీక్షకు పోయినా, పెళ్ళిచూపులకు కూర్చున్నా, నువ్వు ముద్ద పెట్టందే నన్ను కదలనివ్వలేదు. ఇంత భయంలో ఉత్త కడుపుతో గడప దాటలేను. పొద్దున్నే కాస్త పెరుగన్నం తిని పోతాను. వాళ్ళకు చెబితే కదా!

నీ చౌడి

శింగనమల,
బుధవారం సాయంత్రం

చౌడీ,

తినొద్దు. ముందు ఈ మాట చదువు.

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. రాత్రికి మా ఊళ్ళో ఆగే బస్సు కండక్టరు శివప్ప, పొద్దున తొలి ట్రిప్పుకు ఇది నీ చేతికే ఇస్తానన్నాడు. నేనే వచ్చి చెప్పొచ్చు, కానీ నీ ముఖం చూడలేక రావడం లేదు.

అమ్మను మత్తు డాక్టరు చంపలేదు. ఏమీ పెట్టొద్దని నర్సు నాకే చెప్పి పోయింది. నాయన మందులకు వెళ్ళాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "కడుపు కాలిపోతాండాది పాపా, రవ్వంత పెట్టు" అంది. ఇంటినుంచి తెచ్చిన సంగటి పెట్టాను. మూడు ముద్దలు. ఎవరికీ చెప్పలేదు. మత్తులో అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింది. నాయన ఆ డాక్టరును తిడుతుంటే ఇన్నేళ్ళూ వింటూ కూర్చున్నాను.

నాతో మాట్లాడకు, మా ఇంటికి రాకు. కానీ తినొద్దు.

మల్లీశ్వరి

అనంతపురం,
26 ఆగస్టు

ప్రియమైన అక్కా,

శివప్ప తలుపు కొట్టేసరికి పెరుగన్నం గిన్నె నా చేతిలోనే ఉంది. ఇంకా ముద్ద ఎత్తలేదు. "మీ యక్క ఏడ్చుకుంటా ఇచ్చినాది, ముందు సదువమ్మా" అన్నాడు. గిన్నె అక్కడే పెట్టేసి ఆటో ఎక్కాను.

మత్తు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏమన్నా తిన్నావామ్మా?" లేదని చెప్పి ఏడ్చాను. అంకెలు లెక్కపెట్టమన్నాడు. అయిదు దాకా గుర్తుంది.

లేచానక్కా.

అబద్ధం చెప్పను, రెండు రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. మూడో రోజు మీ చిన్నది గుర్తొచ్చింది. దానికిప్పుడు పన్నెండేళ్ళు. పొయ్యి మీద పాలు చూడమంటే ఆటలో పడి మరిచిపోతుంది. అప్పుడు నీకూ అంతే వయసు.

ఆదివారం వస్తున్నాను. దవడలు వాచాయి, ఏదీ నమలలేను. సంగటయితే నమిలే పని లేదు. మెత్తగా కెలికి ఉంచు. నీ చేత్తోనే పెట్టాలి.

నీ చౌడి