జుగ్రా కొండ దారిలో అన్నదమ్ములు

బంటింగ్,
మంగళవారం

చెల్లీ యోగేశ్వరీ,

ఇక్కడ బాగున్నాం. ఫోన్ చేస్తే పక్కనున్న మీ ఆయన దాసు వినేస్తాడని ఉత్తరం రాస్తున్నాను.

అత్తగారు పోయినప్పటి నుంచీ అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. తోటికోడళ్లం మనమే మార్కెట్లో దొంగల్లా మాట్లాడుకుంటున్నాం. దాసు నీకు చెప్పినాడో లేదో, ఆదివారం ఒకటి జరిగింది.

డాక్టరు నడవమన్నాడని మీ బావగారిని జుగ్రా కొండకి తీసుకెళ్లినాను. వాన పడి అడివి దారంతా బురద. సగం ఎక్కేసరికి పైనుంచి దాసు దిగుతున్నాడు. దారి ఇరుకు. ఈయన పక్కకి తప్పుకోబోయి జారినారు. దాసు గభాల్న చెయ్యి పట్టేసుకున్నాడు.

"ఏటన్నయ్యా, ఈ చెప్పుల్తోటి కొండెక్కుతావేటి?" అని కసిరినాడు.

"నాకు చెప్పేవాడెవడు?" అన్నారీయన.

దిగేవాడల్లా దాసు వెనక్కి తిరిగి, ఆ చెయ్యి వదలకుండా మాతో పైదాకా వచ్చినాడు. అక్కడ కూర్చుని, కింద లంగాట్ నదిని చూస్తూ ఇద్దరూ ఒకే సీసాలో నీళ్లు తాగినారు. నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

"దాసు ప్రతి ఆదివారం వస్తాడా?" అని ఈయన నిన్నటి నుంచీ నన్నే అడుగుతున్నారు. ఫోన్ చేసి అడగండంటే పలకరు. నువ్వే వచ్చే ఆదివారం దాసుని పొద్దున్నే లేపి కొండకి పంపు. నేను రాసినానని మాత్రం చెప్పకు.

నీ అక్క