మనిద్దరం పస్తులున్న శుక్రవారాలు

తమ్ముడు సుందరానికి,

నువ్వు పోయి ఇవాళ్టికి ఆరేళ్లు. మొన్న శుక్రవారం నేను జరిపే ఉపవాస ప్రార్థనకు మలికిపురం నుంచి ఒక తల్లి వచ్చింది.

"మావాడు పెళ్లొద్దంటన్నాడండి, పెద్దక్కగారూ. వాడి మనసు మగవాళ్ల మీదేనంట. కావాలనే చేస్తన్నాడండి. మారాలని ప్రార్థన చెయ్యండి."

"మారాలని అతనూ ప్రార్థిస్తున్నాడా, అమ్మా?"

"ఆయ్. రోజూ ఏడుస్తానే చేస్తన్నాడండి."

నువ్వు మారాలని నేను పస్తులున్న శుక్రవారాల్లో నువ్వూ నాతోపాటు మెతుకు ముట్టేవాడివి కాదు. అది చూస్తూనే, నువ్వు కావాలని ఎంచుకున్నావని కోప్పడ్డాను.

"ఎంచుకున్నదే అయితే ఈపాటికి మానేసేవాడమ్మా. అలా పుట్టాడు, అంతే," అన్నాను.

ఆవిడ ప్రార్థన మొదలవకముందే లేచి చెప్పులు వేసుకుంది.

"వెళ్లొస్తానండి. పొద్దున్నించీ వాడేమీ తినలేదు."

నీకోసం నేను ఒక్క శుక్రవారమూ అలా లేవలేదు, సుందరం.

నీ పెద్దక్క