రెప్ప వేయని అవ్వ

నాయనా,

ఉద్యోగం చేస్తూనే ఫోన్ యాప్‌ల గురించి మళ్లీ చదువుతానంటే, పెళ్లి తప్పించుకోవడానికేనని మీరంతా తేల్చేశారు. "ఫోన్ నొక్కేదానికి గూడా పెద్ద చదువు ఉండాదా?" అని చిన్నాయన నవ్వినాడు.

సోమందేపల్లిలో అవ్వ ముఖం చూపించి పింఛను తీసుకునే యాప్ మా కంపెనీ చేసిందే. రెప్ప వేస్తేనే ఎదురుగా ఉన్నది ఫొటో కాదు, మనిషని అది నమ్ముతుంది. అవ్వేమో కళ్లు పెద్దవి చేసుకుని కదలకుండా కూర్చుంది. "రెప్పేస్తే ఫొటో చెడిపోతాది గదా పాపా" అంది. మూడుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చింది. మీరంతా ఆమెకు తెలివి లేదన్నారు. తప్పు మాది. అవ్వలాంటివాళ్లు ఎట్లా వాడతారో మేం ఒక్కసారీ అడగలేదు. అది అడగడం నేర్పే చదువే ఇది.

హిందూపురంలో ఉద్యోగం మానను. శని, ఆదివారాలు బెంగళూరులో క్లాసులు. సీటు తీసుకున్నాను. ఈ శనివారం పొద్దున రైలుకు పోతున్నాను.

నీ పెద్దపాప