తీగ మీద పదకొండుమంది

గుండుకి,

ఆశీస్సులు. ఆఖరి రోజు ఎలా గడిచిందో రాయమన్నావు. రాస్తున్నాను.

పొద్దున మీ అక్క బాగానే ఉంది. స్నానాల గది గుమ్మంలో స్టూలు వేసుకుని మీ హాకీ జట్టు నీలం జెర్సీలు ఉతికింది. భోజనం చేసింది. నా వంటలో ఉప్పు ఎక్కువైందంది. మధ్యాహ్నం మబ్బు పట్టింది. "జెర్సీలు ఆరుంటాయి, తెచ్చెయ్యండి. వరసగా తియ్యండి, కలిపెయ్యకండి" అంది. మేడ మీదికి వెళ్లి తీశాను. చేతి మీద వేసుకుని దిగేసరికి కుర్చీలో పక్కకి ఒరిగి ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

వాన పడలేదు.

నువ్వు జట్టుతో పక్క ఊళ్లో ఉన్నావు. సమయానికి రాలేకపోయానని బాధపడకు. మేడ మీద ఉన్నవాణ్ణి నేనే రాలేకపోయాను.

జెర్సీలు ఇక లాండ్రీకి ఇస్తారని మీ వ్యాన్ డ్రైవర్ అన్నాడు. ఇవ్వొద్దు. నేను ఉతుకుతాను. ఆమె పనుల్లో నాకు చేతనైంది అదొక్కటే. అది ఈ ఇంట్లోనే ఉండనీ.

ఫోన్ చేయకు. నీ గొంతు ఆమె గొంతులా ఉంటుంది. ఏమున్నా రాసి జెర్సీల సంచిలో పెట్టు.

ఇట్లు,
బావ

తా.క. తెల్ల సెట్టు ఉతికి పంపుతున్నాను. అందరి జెర్సీలకన్నా గోల్‌కీపర్‌ది శుభ్రంగా ఉంది. అతను నేల మీద పడుతున్నాడో లేదో కనుక్కో.

* * *

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం తెల్ల జెర్సీల మడతల్లో దొరికింది. గ్రౌండ్ మెట్ల మీద కూర్చుని చదివాను. కళ్లు తుడుచుకుంటుంటే మావాళ్లు చూసి, ఓడిపోయినందుకు ఏడుస్తున్నాననుకున్నారు. పోనీ, ఒక్కడికైనా సిగ్గేస్తుందని ఊరుకున్నాను. వెయ్యలేదు. నిన్న మళ్లీ ఓడాం.

ఉతుకుడు మీ దగ్గరే ఉంటుంది. నేను కోచ్‌గా ఉన్నంతవరకు దాన్ని ఎవడూ కదపలేడు. అసలు మీరా పని చేస్తానన్నారని చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క మీకు అంతా చెప్పే వెళ్లిందన్నమాట. ఇక నేను నోరు విప్పను, మీరూ విప్పొద్దు. మీరు ఎవర్ని ముందుంచితే వాళ్లే ముందుంటారు.

ఒక్క చిక్కుంది. నీలం సెట్టు ఏమైందని స్టోర్‌కీపర్ నా వెంట పడ్డాడు. సీజన్ ఆఖరి మ్యాచ్‌లో అవతలివాళ్లు తెలుపు వేసుకుంటారు కాబట్టి మనకు నీలం తప్పదు. అందులోనూ ఓడామంటే కింది డివిజన్‌కి జారిపోతాం, కమిటీ జట్టునే ఎత్తేస్తుంది. నన్ను ఎత్తేయడం ఎలాగూ ఉంటుంది. ఆ సెట్టు మీ ఇంట్లో ఉందేమో ఒకసారి చూడగలరా?

ఇట్లు, మీ
గుండు

తా.క. గోల్‌కీపర్‌ను నిలదీశాను. "మోచేతులు దోక్కుపోతే మా ఆవిడ ఊరుకోదు సార్" అన్నాడు.

* * *

గుండుకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అక్క నాకు ఏం చెప్పి వెళ్లింది? ఎవరు దేని గురించి నోరు విప్పకూడదు? నేను ఒకర్ని ముందుంచడమేమిటి? గ్రౌండులో వడదెబ్బ తగిలిందేమో చూపించుకో.

నీలం సెట్టు సంగతి చూస్తాను.

ఇంకొకటి. కింది వాటాలో ఉండే టైలర్ నిన్న పైకొచ్చి, తలుపు దగ్గరగా వేసి మరీ చెప్పాడు.

"సార్, ఎదురు బస్‌స్టాప్‌లో ఒకడు నిలబడుతున్నాడు. మ్యాచ్ ముందురోజు సాయంత్రం తప్పకుండా వస్తాడు. టోపీ, చేతిలో బైనాక్యులర్. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, వీడు మాత్రం ఎక్కడు. చూపంతా మీ మేడ మీదే."

"మేడ మీద చూడటానికి ఏముందయ్యా?"

"అదే నా అనుమానం కూడా. జెర్సీలు తప్ప ఏం లేవు గదా. లేక మీకు తెలీకుండా ఇంకేమైనా ఉందా సార్?"

వెళ్లి చూసొచ్చాను. ఏమీ లేదు. వాడు మీ స్టోర్‌కీపర్ మనిషని నా అనుమానం. నీలం సెట్టు వంక పెట్టి ఉతుకుడు నా దగ్గర్నించి లాక్కోవాలని చూస్తున్నారా? తెలిస్తే దాచకుండా రాయి.

ఇట్లు,
బావ

తా.క. ఈసారి మీ సంచితో పాటు కుర్రాళ్ల జట్టు సంచి కూడా వచ్చింది. ఎందుకు పంపావో రాయలేదు. అవీ ఉతికాను. మీ పదకొండో నంబరు బాగా వెలిసిపోయింది. దాన్ని పిట్టగోడ మీద పడేశాను.

* * *

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ ధైర్యానికి దండం పెట్టాలి. నేనైతే ఈ జన్మలో ఆ పని చేసేవాణ్ణి కాదు.

ముగ్గురు కుర్రాళ్లను పెద్ద జట్టుకి పిలిచేశాను. ముగ్గుర్నీ ముందు వరసలోనే దింపాను. కమిటీ ప్రెసిడెంటు "ఇది జట్టా, బడి పిల్లల విహారయాత్రా?" అన్నాడు. ఒకడి తల్లి గ్రౌండుకే వచ్చి, "పరీక్షలు పెట్టుకుని వీణ్ణి ఆటకి లాక్కొస్తారా, మీకు పిల్లల్లేరా?" అని కడిగేసింది. ఇంకొకడు మ్యాచ్ మధ్యలో మా సీనియర్ హాఫ్‌బ్యాక్‌ను "అంకుల్, బాల్ ఇవ్వండి" అన్నాడు. ఆయన మ్యాచ్ అయ్యేదాకా ఇవ్వలేదు.

పదకొండో నంబరు మా కెప్టెన్. వెలిసిపోయాడన్న మాట మీరు రాశారని చెప్పలేదు. బెంచీ మీద కూర్చోమన్నాను, అంతే. అప్పట్నుంచి నాతో ఏం చెప్పాలన్నా డ్రైవర్‌కి చెప్పి పంపుతున్నాడు.

ఓడాం. అయినా మీ మీద నా నమ్మకం చెక్కుచెదరలేదు. కానివ్వండి.

బస్‌స్టాప్ మనిషిని పట్టించుకోకండి. బస్సు కోసమే వచ్చుంటాడు. మన ఊరి బస్సుల సంగతి మీకు తెలియనిదేముంది. నీలం సెట్టు కనిపించిందా?

ఇట్లు, మీ
గుండు

తా.క. టైలర్ నల్ల టోపీ అనుంటాడు. నలుపు కాదు, ముదురు ఆకుపచ్చ. అని ఎవరో అనుకుంటుంటే విన్నాను.

* * *

కోచ్‌గారికి,

నమస్కారాలు.

టోపీ రంగేమిటో టైలర్ చెప్పలేదు. నేనూ రాయలేదు.

నిన్న టైలర్ మళ్లీ వచ్చాడు. "ఇవాళ ఉక్కగా ఉంది గదా సార్, వాడు టోపీ తీసి తల తుడుచుకున్నాడు. ఎండ పడి మా షాపు అద్దంలో తళుక్కుమంది" అన్నాడు. మన బంధువుల్లో అంత నున్నటి తల ఒక్కటే ఉంది.

అంటే స్టోర్‌కీపర్ మనిషి తమరే. నీలం సెట్టు నా దగ్గర ఉందో లేదో తేల్చుకోవడానికి బస్‌స్టాప్‌లో కాపలా కాస్తున్నారు. మెట్లెక్కి వచ్చి అడగవచ్చు. మీ అక్క ఉన్నప్పుడు గుమ్మంలో అడుగుపెట్టకుండానే "టీ" అని అరిచేవాళ్లు. ఇప్పుడు దుర్భిణీ వేసుకుని చూడాల్సినంత పరాయివాణ్ణయ్యాను.

చూసే కళ్లకి పని కల్పించాలని ఈసారి నా ఇష్టం వచ్చినట్టు ఆరేశాను. గోల్‌కీపర్‌ది తీసుకెళ్లి ముందు తీగ నడుమ వేశాను. కుర్రాళ్ల తొమ్మిదో నంబరు గోడ పక్కన ఒంటరిగా. మిగిలినవి సగం తలకిందులు. చూసుకోండి తనివితీరా.

ఇట్లు,
చాకిరీవాడు

తా.క. టైలర్ పోలీసుల్ని పిలవమంటారా అన్నాడు. బంధువే అని చెప్పాను. "అయితే ఇంకా మంచిది సార్" అన్నాడు.

* * *

బావా,

మీ ఉత్తరం మ్యాచ్ అయిపోయాక చదివాను. ముందు చదవాల్సింది.

గోల్‌కీపర్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాను. ప్యాడ్లు తీసేసి పరిగెత్తమంటే, అతను పెళ్లయ్యాక ఇంత దూరం పరిగెత్తలేదన్నాడు. తొమ్మిదో నంబరు కుర్రాణ్ణి గోల్‌లో నిలబెట్టాను. హెల్మెట్ కళ్ల మీదికి జారిపోయింది. తలకిందులుగా వేలాడినవాళ్లను ఏం చేయాలో తెలియక, కుడివాళ్లను ఎడమకి, ఎడమవాళ్లను కుడికి మార్చాను. ఎన్ని గోల్స్ తిన్నామో రాయను. స్కోరు రాసేవాడు మధ్యలో లేచి వెళ్లి పెన్సిల్ చెక్కుకుని వచ్చాడు.

ఇక దాచను. పెళ్లికి ముందు అక్క హాకీ ఆడేదని మీకు తెలుసు. నాకన్నా ఆట ఎక్కువ తెలుసని మాత్రం నాకొక్కడికే తెలుసు. జట్టుని అక్కే ఎంచేది. కానీ నోటితో చెబితే, రేపు కమిటీలో ఎవడైనా "నువ్వు అక్కని అడిగి జట్టు వేస్తావట" అంటే కాదని ప్రమాణం చేయలేను. అందుకని ఒక్క మాట కూడా చెప్పొద్దన్నాను. "సరే, చెప్పను. మేడ మీద ఆరేస్తాను, కళ్లుంటే చూసుకో" అంది. వీధి వైపు తీగ మీద అయిదుగురు ఫార్వర్డ్‌లు. మధ్య తీగ మీద ముగ్గురు హాఫ్‌లు. వెనక తీగ మీద ఇద్దరు బ్యాక్‌లు. గోడ పక్కన గోల్‌కీపర్. పిట్టగోడ మీదవాళ్లు బెంచీ. అలా చూసి ఆడించినన్నాళ్లు గెలిచాం.

ఉతుకుతానని మీరు రాయగానే, అక్క మీకు ఆ విద్య అప్పగించి వెళ్లిందనుకున్నాను. మీరు ఎలా ఆరేస్తే అలా ఆడించాను. నీలం సెట్టు కోసం నేను రాలేదు బావా. ఇంట్లోకి ఎందుకు రాలేదంటారా? వస్తే "టీ" అని అరుస్తాను. అలవాటు.

ఆఖరి మ్యాచ్ ఎల్లుండి. ఎవర్ని ఎక్కడ ఆడించాలో నాకు తోచడం లేదు. పోయిన రోజు పొద్దున అక్క నాకు ఫోన్ చేసింది. "ఈసారి కొత్త రకంగా ఆరేయిస్తున్నాను, ఊరినుంచి రాగానే వచ్చి చూడు" అంది. నేను వచ్చేసరికి తీగలు ఖాళీ.

ఇట్లు,
గుండు

తా.క. టోపీ తీసి బస్‌స్టాప్‌లో పిల్లాడికి ఇచ్చేశాను. వాడికి చెవులు కూడా మూసుకుపోయాయి, అయినా సంతోషించాడు.

* * *

గుండుకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈసారి అర్థం కాక కాదు.

మోకాళ్లు పట్టేసినప్పటినుంచి మీ అక్క మేడ ఎక్కలేదు. నువ్వు చూసిన జట్లన్నీ నేను ఆరేసినవే.

కంగారుపడకు. బకెట్లో పేర్చింది తను. పిండిన జెర్సీలు ఒక్కొక్కటీ చూసి, ఒక్కోసారి అడుగున పెట్టింది తీసి పైన పెట్టి, మళ్లీ మార్చి, అప్పుడు బకెట్ నా చేతికిచ్చేది. "పైనుంచి వరసగా తియ్యండి. వీధి వైపు అయిదు, మధ్యలో మూడు, వెనక రెండు, ఒకటి గోడ పక్కన. కలిపెయ్యకండి." పట్టింపు ఎక్కువ అనుకునేవాణ్ణి. ఒకసారి మెట్ల మీద బకెట్ ఒలికింది. చేతికొచ్చినట్టు ఆరేసి, చెప్పలేదు. ఆ వారం మీరు ఓడారు. మీ అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఓడినందుకు అనుకున్నాను.

ఇప్పుడు బకెట్ నేనే నింపుకుంటున్నాను. కుర్రాళ్లవి ముందు తీగ మీద వేయడానికి కారణం ఆ తీగ సడలి ఉండటం. పొడుగువి నేలను ఊడుస్తున్నాయి. అంతకుమించి ధైర్యం ఏమీ లేదు. మీ కెప్టెన్‌కి నా క్షమాపణ చెప్పు. డ్రైవర్‌తో చెప్పించకు.

కుర్రాళ్ల సంచి ఎందుకు తెచ్చావని డ్రైవర్‌ను అడిగాను. "అమ్మగారే చెప్పారు సార్, ఇకనుంచి పిల్లల సంచి కూడా తెమ్మని. తర్వాత నన్నెవరూ వద్దనలేదు" అన్నాడు. మొదటిసారి ఎప్పుడు తెచ్చావన్నాను. అమ్మగారి ఆఖరి వారంలోనే అన్నాడు.

నీలం సెట్టు నా దగ్గరే ఉంది. చూస్తానని రాశాను, చూడాల్సిన పని లేదు. ఆ రోజు చెప్పినట్టే తీశాను. తీగ మీద ఉన్న వరసలో, ఒకదాని మీద ఒకటి. ఆ దొంతర అలాగే అలమరాలో ఆమె చీరల పక్కన పెట్టాను. ఆమె చెప్పినవాటిలో నేను సరిగ్గా చేసిన ఆఖరి పని అది. ముట్టుకుంటే చెదిరిపోతుందని ముట్టుకోలేదు. నీకివ్వకపోవడానికి వేరే కారణం లేదు.

ఇవాళ తలుపు తీసి, ముట్టుకోకుండా, అంచులు మాత్రం చూశాను. నడుమ మూడు పొట్టి జెర్సీలున్నాయి. ముందు వరసలో కాదు. మధ్యలో. మీ అంకుల్ హాఫ్‌బ్యాక్‌ది ఆఖరున తీసినట్టుంది, అన్నిటికన్నా పైనుంది. అంటే ఆ రోజు పిట్టగోడ మీద ఉన్నట్టున్నాడు.

కుర్రాళ్లను పిలవడం సరైన పనే. మనిద్దరం తప్పుచోట నిలబెట్టాం.

బస్‌స్టాప్‌లో నిలబడకు. పైకి రా. గుమ్మంలో "టీ" అని కేకెయ్యి. నాకూ వినాలనే ఉంది.

ఇట్లు,
బావ

తా.క. ముందు తీసింది అడుగున ఉంటుంది కాబట్టి ఈసారి కిందినుంచి మొదలుపెట్టాలి. రేపు పొద్దున ఎండ రాగానే దొంతర తీసుకుని మేడ మీదికి వెళ్తాను. వీధి వైపు తీగ బిగించి, ఒక్కొక్కటీ వరసగా ఆరేస్తాను. కలిపెయ్యను.