బస్సులో ఎగరేసిన తాళంచెవి

బుజ్జీ, ఇక్కడ నేను కులాసా, మీరూ అంతేననుకుంటాను.

టీచరు ట్రైనింగు మానేసి వచ్చేస్తానని పోయిన కార్డులో ఏడ్చాను కదా, రావడం లేదు. సాపేక్షత బుర్రకెక్కింది! నిన్న బస్సులో ఊసుపోక తాళంచెవి ఎగరేసి పట్టుకున్నాను. నాకది నిటారుగా లేచి పడింది. రోడ్డు మీది మనిషికైతే ఏటవాలుగా పోయినట్టుంటుంది. దాని బదులు కాంతి అనుకో. కాంతి వేగం ఇద్దరికీ ఒకటే. ఏటవాలు దారి పొడవు గనక ఆ మనిషి లెక్కలో ఎక్కువ సమయం పట్టాలి! టిక్కెట్టు వెనక లంబకోణ త్రిభుజం గీసి కర్ణం లెక్క కట్టాను. కదిలేవాళ్ళకి కాలం మెల్లిగా నడుస్తుందని చెప్పే, ఇన్నాళ్ళూ ఏడిపించిన సూత్రం దానంతటదే వచ్చేసింది. పగలబడి నవ్వాను.

"స్టాపు దాటిపోతే నవ్వుతారేంటమ్మా?" అన్నాడు కండక్టరు. సంగతి చెప్పాను.

"అయితే బస్సులో తిరిగే నేను మెల్లిగా ముసలాణ్ణవుతానన్నమాట! మా ఆవిడకి చెప్పండి కాస్త."

"ఆ తేడా ఆవిడ కంటికి ఆనదండీ" అన్నాను. బస్సంతా నవ్వింది.

నాన్న కళ్ళజోడు బాగుచేయించారా? తమ్ముడి మోకాలి దెబ్బ మానిందా? నా ఊదారంగు స్వెట్టరు పంపు. సోమవారం ఈ పాఠం క్లాసులో నేనే చెప్పాలి, ఒణుకు లేకుండా చెబుతాను.

మీ ఇద్దరికీ ముద్దులు. మీ నాన్నకీ ఒకటి. పోస్ట్‌మాన్ చదివితే చదువుకోనీ.

అమ్మ